దవడ కదిలాక పళ్లు కుదురుకునేదాకా

దవడ ఆపరేషన్ అయిన రెండు మూడు వారాలకు ముఖం మీద వాపు కాస్త తీస్తుంది. అప్పుడు చాలామంది ధైర్యం చేసి అద్దం ముందు పెదవులు విడదీసి చూసుకుంటారు. ముందుకు పొడుచుకొచ్చిన గడ్డం వెనక్కి వెళ్లింది, పక్కనుంచి చూస్తే ముఖం పొందిగ్గా ఉంది. పళ్లు మాత్రం అన్నీ కలవడం లేదు. ముందు రెండు మూడు తగులుతున్నాయి, వెనక దవడపళ్ల మధ్య గోరు దూరేంత సందు కనిపిస్తోంది. ఇంత నొప్పి పడ్డాక ఇదేమిటని ఇంటిల్లిపాదికీ గుండె జారిపోతుంది. చాలా సందర్భాల్లో ఆ సందు డాక్టర్ల లెక్కలో ముందునుంచీ ఉన్నదే. ఆ లెక్కేమిటో రోగికి ఆపరేషన్‌కు ముందే కూర్చోబెట్టి చెప్పాలి. చెప్పకపోతే అనవసరమైన భయంతో నిద్రలేని రాత్రులు గడుపుతారు. అంతకన్నా నష్టం, ముఖం బాగుపడింది కదా అని మిగతా వైద్యం మధ్యలో మానేస్తారు.

పళ్లకు ఒక గుణం ఉంది. దవడలు ఒకదానికొకటి దూరంగా పెరిగినా, పళ్లు మాత్రం ఎలాగోలా అవతలి వరసను అందుకోవాలని చూస్తాయి. కింది దవడ ఎక్కువగా పెరిగిన మనిషిని తీసుకోండి. కింది ముందుపళ్లు పెదవి ఒత్తిడికి నాలుక వైపు వాలిపోతాయి, పైవి నాలుక తోపుకి పెదవి వైపు ఒరుగుతాయి. దాంతో ఎముకల్లో తేడా సెంటీమీటరు ఉన్నా, పళ్ల దగ్గర అందులో సగమే కనిపించవచ్చు. పళ్లను అలా వదిలేసి దవడ జరిపితే, ఆ సగం దూరం వెళ్లేసరికే పళ్లు పళ్లకు తగిలి దవడ ఆగిపోతుంది. అందుకే ఆపరేషన్‌కు ముందు ఏడాది, ఏడాదిన్నర పాటు క్లిప్పులు వేసి, ఏ వరస పళ్లను ఆ ఎముక మీద నిటారుగా నిలబెడతారు. పళ్లు ఇన్నాళ్లూ దాచిన తేడా అంతా అప్పుడు బయటపడుతుంది. ముఖం ముందుకన్నా వికారంగా కనిపిస్తుంది, కొరకడం ఇంకా కష్టమవుతుంది. ఎదుగుదల ఆగాకే ఈ ఆపరేషన్ చేస్తారు కాబట్టి, ఈ ఏడాదంతా సరిగ్గా కాలేజీ వయసులో వచ్చి పడుతుంది. బాగుచేయించుకోవడానికి వెళ్లి ఇంకా పాడై వచ్చావేమని నలుగురూ అడుగుతుంటే ఆ పిల్లలు పడే బాధ చిన్నది కాదు.

ఇక ఆపరేషన్. అమెరికాలోని వీలింగ్ పట్టణంలో సైమన్ హల్లిహెన్ 1849లోనే కింది దవడను కోసి సరిచేశాడు. చిన్నతనంలో కాలిన గాయం మచ్చకట్టి లాగేయడంతో దవడ సాగిపోయిన యువతికి చేసిన చికిత్స అది. ఇప్పటి పద్ధతికి పునాది మాత్రం రిచర్డ్ ట్రౌనర్, హ్యూగో ఓబ్వెగెసర్ 1957లో ప్రకటించిన కోత. దవడ వెనక భాగాన్ని వాళ్లు అడ్డంగా నరకలేదు, మందంలో రెండు పొరలుగా చీల్చారు. లోపలి పొర పళ్లతో సహా ముందుకో వెనక్కో జారుతుంది. బయటి పొర చెవి ముందున్న కీలుతో పాటు ఉన్నచోటే ఉంటుంది. ఎంత జరిపినా రెండు పొరలూ వెడల్పుగా ఆనుకునే ఉంటాయి కాబట్టి ఎముక బాగా అతుకుతుంది. కోత నోటి లోపలే కనుక ముఖం మీద గాటు పడదు. పై దవడ విషయంలో మరో భయం ఉండేది. దాన్ని పుర్రె నుంచి పూర్తిగా విడదీస్తే రక్తం అందక ఎముకా పళ్లూ చచ్చిపోవూ? అంగిలి, చిగుళ్ల మెత్తటి కండలోంచి రక్తం అందుతూనే ఉంటుందని విలియం బెల్ 1970 ప్రాంతాల్లో కోతుల మీద చేసిన ప్రయోగాలు తేల్చాయి.

ఆపరేషన్ బల్ల మీద దవడ ఎక్కడ ఆగాలో చెప్పేది ఒక చిన్న ప్లాస్టిక్ పలక. పలువరస వంపులోనే ఉంటుంది. పైన పై పళ్ల గుంతలు, అడుగున కింది పళ్ల గుంతలు. ఇదివరకు ప్లాస్టర్ అచ్చుల మీద చేత్తో చేసేవారు, ఇప్పుడు స్కానింగుల ఆధారంగా కంప్యూటర్‌లో గీసి త్రీడీ ప్రింటర్‌లో తీస్తున్నారు. పళ్లు ఆ గుంతల్లో కూర్చున్నాక రెండు దవడలనూ కట్టేసి, ఎముకకు టైటానియం ప్లేట్లు, స్క్రూలు బిగిస్తారు. ప్లేట్లు రాకముందు రోగి నోటిని ఆరు వారాలకు పైగా తీగలతో కట్టేసి ఉంచేవారు.

పలక ఇంత ఖచ్చితంగా చెప్పినా తేడా ఎక్కడ వస్తుంది? కీలు దగ్గర వస్తుంది. మత్తులో ఉన్న మనిషి దవడ కండరాలు పూర్తిగా సడలిపోతాయి. ప్లేట్ బిగించేటప్పుడు కీలు బొడిపె తన గుంతలోంచి ఒకటి రెండు మిల్లీమీటర్లు కిందికి జారి ఉన్నా, పళ్లు మాత్రం పలకలో సరిగ్గానే కూర్చుని కనిపిస్తాయి. మెలకువ వచ్చి కండరాలు బిగుసుకోగానే బొడిపె మళ్లీ గుంతలోకి వెళ్తుంది, దానితో పాటు దవడ అంతా కదిలి ముందుపళ్ల మధ్య ఖాళీ పడుతుంది. సర్జన్లు అన్నిటికన్నా ఎక్కువగా చూసుకునేది దీన్నే. పెద్ద తేడా అయితే మళ్లీ లోపలికి తీసుకెళ్లి ప్లేట్ మార్చాల్సిందే. కొన్నాళ్లు ఆగి చూస్తే సర్దుకునే తేడాలు వేరు. ఆపరేషన్ తాకిడికి కీలులో నీరు చేరితే దవడ కొద్దిగా ముందుకి వస్తుంది, నీరు తీశాక తన చోటికి పోతుంది. వెనక పళ్ల మధ్య సందును చాలాసార్లు తర్వాత క్లిప్పులతో మూయవచ్చని కావాలనే వదులుతారు. ఆపరేషన్ తర్వాతి వారాల్లో క్లిప్పుల కొక్కేలకు తగిలించే చిన్న రబ్బరు బ్యాండ్లు దవడకు కొత్త దారి అలవాటు చేస్తాయి. ఏ కొక్కెం నుంచి ఏ కొక్కేనికో, ఎన్ని గంటలో డాక్టర్ చెప్పినట్టే వేసుకోవాలి. రాగిజావ, మెత్తగా కలిపిన పప్పన్నం తినే మొదటి ఆరు వారాల్లో ఇంతకన్నా ముఖ్యమైన పని లేదు. ఉన్నట్టుండి పళ్లు కలిసే తీరు మారినా, ఒక పక్క నొప్పి పెరిగినా, చీము కనిపించినా మాత్రం తర్వాతి అపాయింట్‌మెంటు దాకా ఆగకూడదు.

పళ్లు కలిశాయో లేదో తెలుసుకునేది మెదడు. పన్ను ఎముకలో నేరుగా పాతుకుని ఉండదు. నులకమంచంలాగా అల్లుకున్న సన్నటి నారల మీద వేలాడుతూ ఉంటుంది. ఆ నారల్లోని నరాల కొసలకు 20 మైక్రాన్ల మందం, అంటే వెంట్రుక కన్నా సన్నటి రేకు పళ్ల మధ్య పడినా తెలుస్తుంది. కింది పళ్ల నుంచి ఆ కబురు మోసుకెళ్లే నరం దవడ ఎముక లోపల, సరిగ్గా కోత పడేచోటే నడుస్తుంది. అది ఒత్తిడికో సాగడానికో గురైతే కింది పెదవి, గడ్డంతో పాటు పళ్లూ మొద్దుబారతాయి. చాలామందిలో స్పర్శ నెలల మీద తిరిగొస్తుంది, కొందరిలో కొంత మొద్దుబారడం మిగిలిపోతుంది. ఆ లోగా కొరుకుడు సరిగ్గా ఉన్నా రోగికి తేడాగానే అనిపించవచ్చు. అందుకే డాక్టర్లు రోగి మాటతో పాటు రంగుకాగితం కొరికించి, ఏ పన్ను మీద మచ్చ పడిందో చూస్తారు. 8 మైక్రాన్ల పల్చటి రేకును పళ్ల మధ్య పెట్టి లాగి చూస్తారు. జారొస్తే అక్కడ పళ్లు కలవలేదన్నమాట.

పై దవడ కోయించుకున్నవాళ్లకు ఇంకో మాట. పై పళ్లు చల్లదనం పరీక్షకు నెలల తరబడి స్పందించకపోవచ్చు. నరం మొద్దుబారింది కానీ రక్తం ఆడుతూనే ఉంటుంది. ఆ ఒక్క పరీక్ష చూసి పన్ను చచ్చిపోయిందని రూట్ కెనాల్‌కు తొందరపడితే బతికున్న పన్నును చేజేతులా చంపుకున్నట్టే. రంగు మారినా, చిగురు వాచినా అప్పుడు ఎక్స్‌రే తీయించి ఆలోచించాలి.

కోత పడిన ఎముక కొన్ని నెలల పాటు చురుగ్గా ఉంటుంది. పాత ఎముక త్వరగా కరిగి కొత్తది త్వరగా పడుతుంది, పళ్లు మామూలుగా కదిలేదానికన్నా వేగంగా కదులుతాయి. హెరాల్డ్ ఫ్రాస్ట్ 1983లో వివరించిన ఈ వేగాన్ని నమ్ముకునే జపాన్‌లో సెండాయ్ వైద్యులు ముందు ఆపరేషన్, తర్వాతే క్లిప్పులు అనే పద్ధతిని 2009లో ప్రచురించారు. ముఖం వికారంగా కనిపించే ఏడాది అందులో ఉండదు. అయితే పళ్లు ముందుగా నిలబెట్టి ఉండవు కాబట్టి దవడను ఎక్కడ ఆపాలో ఊహించి చెప్పాలి. రెండు వరసలూ ఓ మోస్తరుగా తిన్నగా ఉన్నవాళ్లకు బాగుంటుంది. అందరికీ ఇదే మేలని ప్రకటనల్లో చెప్పడం నాకు నచ్చదు. ఏ పద్ధతిలోనైనా ఆపరేషన్ తర్వాత క్లిప్పులతో ఆర్నెల్లకు పైగా పని ఉంటుంది. వెనక సందులు మూయడం, పై పళ్ల మిట్టలను కింది పళ్ల పల్లాల్లో కూర్చోబెట్టడం అప్పుడే జరుగుతాయి.

అన్ని కదలికలూ ఒకేలా నిలవవు. నార్త్ కరోలినా విశ్వవిద్యాలయంలో విలియం ప్రొఫిట్ బృందం రోగులను ఏళ్ల తరబడి గమనించి ఒక వరస కట్టింది. పై దవడను పైకి జరపడం అన్నిటికన్నా గట్టిగా నిలుస్తుంది, కింది దవడను ముందుకు తేవడం దాని తర్వాత. పై దవడను వెడల్పు చేయడం అన్నిటికన్నా తక్కువ నిలుస్తుంది, సాగిన అంగిలి చర్మం దాన్ని మళ్లీ లోపలికి లాగుతూనే ఉంటుంది.

పన్నును పట్టి ఉంచే నారలు కొత్త చోట కుదురుకోవడానికి మూడు నాలుగు నెలలు చాలు. చిగుళ్లలోని సాగే నారలకు మాత్రం ఏడాది దాకా పడుతుంది. క్లిప్పులు తీసేశాక, పళ్లను కదలకుండా పట్టి ఉంచే రిటైనర్‌ను కొన్ని నెలలు భోజనానికి తప్ప తీయొద్దని, తర్వాత రాత్రుళ్లు పెట్టుకోమని చెప్పేది అందుకే. నాలుగు రోజులు మరిచిపోయి మళ్లీ పెట్టుకున్నప్పుడు బిగుతుగా అనిపిస్తే పళ్లు అప్పటికే కాస్త కదిలాయని అర్థం. రిటైనర్ పూర్తిగా కూర్చోకపోతే బలవంతంగా నొక్కకుండా ఆ వారంలోనే డాక్టరుకు చూపించుకుంటే, చాలాసార్లు కొత్త రిటైనర్‌తోనే సరిపోతుంది.