గాలి చొరని పెట్టెలోనే గంభీర నాదం

అమరావతి: పత్తి, మిరప పండే ఈ చుట్టుపక్కల గ్రామాలలో కారు గలవారికైనా, ట్రాక్టరు తోలేవారికైనా పాట లేనిదే దారి సాగదు. డప్పు దెబ్బ గుండెకు తగలాలని పన్నెండు అంగుళాల వూఫరు తెచ్చుకునేవారున్నారు. డబ్బంతా స్పీకరుకు పోసి, పెట్టెను మాత్రం చేతికందిన చెక్కలతో బిగిస్తే ఆ డబ్బు దండుగే.

స్పీకరు గిన్నె ముందుకు కదిలినప్పుడు ముందున్న గాలి నొక్కుకుంటుంది, వెనుక గాలి పలచబడుతుంది. మధ్య అడ్డు లేకపోతే రెండూ కలిసి ఒకదాన్నొకటి చంపుకుంటాయి. బరువైన ధ్వనికే ఈ నష్టం ఎక్కువ. సెకనుకు 50 సార్లు అదిరే ధ్వనికి ఒక్కొక్క అల దాదాపు 22 అడుగుల పొడవు. పూర్వం ఇందుకోసం బీరువాలంత పెట్టెలు చేసేవారు. 1954లో అమెరికాలో ఎడ్గార్ విల్చర్ చిన్న పెట్టెను గాలి చొరకుండా మూసి, లోపల చిక్కిన గాలినే స్ప్రింగులా వాడుకున్నాడు. నేటి మూత పెట్టెలకు ఆధారం అదే.

పన్నెండు అంగుళాల వూఫరుకు తరచుగా ఒక ఘనపుటడుగు చోటు పడుతుంది. అయినా స్పీకరుతో వచ్చే కాగితంలోని కొలతనే నమ్మాలి. లోపల 14 అంగుళాల పొడవు, 14 ఎత్తు, 10 లోతు ఉంటే 1,960 ఘనపుటంగుళాలు. ఘనపుటడుగంటే 1,728. మిగిలిన 232 స్పీకరు వెనుక భాగానికీ, ఆసరా బద్దలకూ సరి. బయటి కొలతతో లెక్క వేస్తే చెడినట్టే. 18 మిల్లీమీటర్ల పలక రెండు వైపులా కలిసి అంగుళంన్నర దాకా తినేస్తుంది.

ఎం.డి.ఎఫ్. పలక బాగానే పలుకుతుంది గాని తడిస్తే ఉబ్బుతుంది. వానకు తడిసే ట్రాక్టరుకు నీటికి ఆగే ప్లైవుడ్డే మేలు. అతుకులకు జిగురు రాసి, స్క్రూలు బిగించి, లోపలి మూలలన్నీ పూడ్చాలి. స్పీకరు అంచు కింద రబ్బరు పట్టీ వేయాలి. వైరు వెళ్లే రంధ్రాన్ని మరచిపోయేవారే ఎక్కువ. పాట పెట్టి అతుకుల వెంబడి అగరువత్తి తిప్పితే, గాలి పోయే చోట పొగ చెదురుతుంది.

లోపల కొంత పీచు నింపితే పెట్టె కాస్త పెద్దదైనట్టు పలుకుతుంది. ఇంట్లో పత్తి ఉంది గదా అని కూరితే చెమ్మ పీల్చి ఉండ కడుతుంది. దిండ్లలో వాడే పాలియెస్టర్ దూది చాలు.

ఇంత చేసినా కారులో పలికినట్టు ట్రాక్టరు మీద పలకదు. తలుపులు మూసిన కారు బరువైన ధ్వనిని పెంచుతుంది. తెరపి ట్రాక్టరుకు ఆ సాయం లేదు. అది తెలియక శబ్దం పెంచేవారు స్పీకరును కాల్చుకుంటారు, చెవులనూ పోగొట్టుకుంటారు.

అసలు భయం వైరుతోనే. బ్యాటరీ నుండి ఆంప్లిఫయరుకు పోయే వైరుకు, బ్యాటరీకి మూరెడు లోపలే ఫ్యూజు ఉండాలి. అది లేకుండా వైరు ఒరుసుకుని ఇనుముకు తగిలితే నిప్పు రవ్వలు లేస్తాయి. వెనుక ట్రక్కులో ఉన్నది పత్తో, యార్డుకు పోయే ఎండుమిరపో అయితే ఏమవుతుందో రైతుకు వేరే చెప్పనక్కరలేదు.

ఇక ఊళ్లోకి వచ్చాక శబ్దం తగ్గించక తప్పదు. 2000 సంవత్సరపు నియమాల ప్రకారం నివాస ప్రాంతాలలో శబ్దం పగలు 55, రాత్రి పది నుండి ఉదయం ఆరు వరకు 45 డెసిబెల్స్ మించరాదు.