గ్రంథము, బల్ల, సమాధి

మతము ఏదైనను మానవుడు దానిని మూడు ప్రశ్నలు అడుగక మానడు. దైవమును గూర్చి చెప్పుటకు అధికారము ఎవ్వరికి కలదు? ఆ దైవమును ఏ విధమున కొలువవలెను? కన్నుమూసిన పిదప జీవుని గతి ఏమి? శ్రుతి ప్రమాణమా, ఆచార్యవాక్యము ప్రమాణమా, స్వానుభవము ప్రమాణమా యని మన దర్శనకారులు శతాబ్దుల తరబడి వాదించుకొనిరి. ఆ వాదమే వేరొక పరిభాషలో, ఏలూరు మొదలు తాడేపల్లిగూడెము వరకు, దక్షిణమున కొల్లేటి లంకల వరకు, ప్రతి ఆదివారము ఉదయమున నేటికిని సాగుచున్నది. ఇచ్చట వాదులు వరిచేల కూలీలు, చేపల చెరువుల కావలివారు, బడిపంతుళ్లు, నర్సులు. వాదస్థలములు ప్రార్థనమందిరము, పంటకాలువ రేవు, ఊరి చివరనున్న సమాధుల దొడ్డి.

ఈ సీమలో ఒక క్రైస్తవుడు ఏ సంఘమువాడో తెలియుటకు అతని నోటినుండి ఒక మాట వెలువడిన చాలును. ఒకరు జ్ఞానస్నానమందురు, మరియొకరు బాప్తిస్మమందురు. ఒకరి చేతనున్నది పవిత్ర గ్రంథము. పొరుగువాని చేతనున్నది పరిశుద్ధ గ్రంథము. ఒకరు ఆదివారము పూజకు పోవుదురు, ఒకరు ఆరాధనకు, ఇంకొకరు కూడికకు. ఒకరిని నడపువారు ఫాదరుగారు. ఒకరిని నడపువారు అయ్యగారు. వేరొకరికి అట్టి పదవియే లేదు, పెద్దలును సహోదరులును మాత్రమే కలరు. క్రీస్తు ఒక్కడే, తెలుగు ఒక్కటే. నిఘంటువులు మాత్రము వేరు. ఈ భేదమును అనువాదకుల రుచిభేదమని త్రోసివేయరాదు. ప్రతి పదము వెనుక ఒక సిద్ధాంతమును, ఆ సిద్ధాంతము వెనుక ఒక చరిత్రయు నిలిచియున్నవి.

వచ్చిన త్రోవలు

1836లో విలియం బౌడెన్, జార్జి బీర్ అను ఇద్దరు ఆంగ్లేయులు ఆంథొనీ నారిస్ గ్రోవ్స్ ప్రోత్సాహమున ఈ దేశము చేరి, పిమ్మట నరసాపురము, పాలకొల్లు ప్రాంతములందు కాలూనిరి. వీరు బ్రదరన్ శాఖవారు. గురుపట్టాభిషేకముతో నిమిత్తము లేకయే బోధింపవచ్చునని నమ్మినవారు. గోదావరి డెల్టా మిషన్ అని పేరొందిన ప్రయత్నము వారితో మొదలయ్యెను. 1841లో రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ మచిలీబందరున దిగిరి. వీరిది ఆంగ్లికన్ చర్చి మిషనరీ సొసైటీ. ఆ సంస్థ 1854లో ఏలూరున తన కేంద్రమును నెలకొల్పెను. రాజమహేంద్రవరమునుండి లూథరన్ బోధకులు తాడేపల్లిగూడెము, భీమవరము ప్రాంతములకు వ్యాపించిరి. వారి సంఘములన్నియు చేరి 1927లో ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘమయ్యెను. ఆంగ్లికన్ వారు 1947 సెప్టెంబరు 27న ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘమున కలసిరి. లూథరన్ వారు అందు చేరలేదు. కతోలికులకు 1976లో విజయవాడ పీఠమునుండి విడివడి ఏలూరు మేత్రాసనము ఏర్పడెను. ఈ విధముగా ఒకే కాలువ నీరు త్రాగు ఊళ్లలో నాలుగు సంప్రదాయములు ప్రక్కప్రక్కన నిలిచినవి.

ప్రమాణమేది?

కతోలిక బోధ ప్రకారము దైవవాక్కు గ్రంథమున మాత్రమే కాక అపొస్తలులనుండి వచ్చిన పారంపర్యమునందును కలదు. ఆ రెంటిని వ్యాఖ్యానించు అధికారము పోపుతో ఏకమైయున్న పీఠాధిపతులది. 1521లో వర్మ్స్ సభయెదుట మార్టిన్ లూథర్ పోపులును మహాసభలును పొరబడవచ్చుననియు, తన మనస్సాక్షి లేఖనమునకే కట్టుబడియున్నదనియు పలికెను. ఆంగ్లికన్ సంప్రదాయము లేఖనమును ప్రధానప్రమాణముగ గైకొని, బిషప్పుల వరుసను విడువలేదు. బ్రదరన్ వారు మరియొక అడుగు ముందుకు వేసి, విశ్వాసి ప్రతివాడును యాజకుడేయనిరి. తెలుగు గడ్డమీదనే పుట్టిన సమాధానము ఒకటి కలదు. లూథరన్ సంఘమున పెరిగిన ముంగమూరి దేవదాసుగారు 1938లో బైబిలు మిషనును స్థాపించిరి. సందేహము కలిగినపుడు దైవసన్నిధిని కనిపెట్టి దేవునినే అడుగుడని ఆయన బోధ. 1960లో ఆయన గతించినను, సన్నిధిలో మౌనముగా కూర్చుండు ఆ అలవాటు గోదావరి, కృష్ణా మండలముల ఇండ్లలో నిలిచినది.

పండితునకు ఇది ప్రమాణచర్చ. పల్లెవానికి దీని అర్థము వేరు. గ్రంథమునకు తెలుగువారిలో సత్యవేదమను పేరు వ్యాపించెను. వేదమను మాట చెవిని పడుటకే అర్హత లేదనిపించుకొన్న వాడలోనికి ఆ పేరుతోనే ఒక పుస్తకము వచ్చెను. మాల కులమున జన్మించిన పగోలు వెంకయ్య, విగ్రహములు దైవము కావను మాట విని, పేరు తెలియని దేవుని వెదకుచు, 1859లో డార్లింగ్ దొరచేత బాప్తిస్మము పొందెను. కృష్ణా మండలములోని రాఘవాపురము ఆయన ఊరు. అంతకు పూర్వము ఏండ్ల తరబడి శ్రమించినను డార్లింగునకు ఫలము కానరాలేదు. వెంకయ్య తానే బోధకుడైన పిదప ఊరివెంట ఊరు కదలెను. దొర చెప్పినపుడు కదలని జనము తమవాడు చెప్పినపుడు కదలుట గమనింపదగినది. అధికారమనగా ఏమో ఇట్టిచోట స్పష్టమగును.

ఈ సత్యమును బాగుగ గ్రహించినవారు వేదనాయకం శామ్యూల్ అజరయ్య. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషిక్తులై, ఆంగ్లికన్ సంఘమున ప్రప్రథమ భారతీయ బిషప్పుగా దోర్నకల్ పీఠమెక్కిరి. పిమ్మట ఆ పీఠము పరిధి కృష్ణా తీరమువైపునకును విస్తరించెను. బాప్తిస్మము పొందు ప్రతివాడును తన తలపై తన చేయి ఉంచుకొని, సువార్తను తానును చాటుదునని ప్రమాణము చేయవలెనని ఆయన నియమము. సాలువాలు కప్పుకొన్నవాడు చెప్పగా విను అలవాటునుండి, మోకాలిలోతు బురదలో నిలిచిన కూలి తానే చెప్పు స్థితికి ఆ చిన్న నియమము దారితీసెను.

బల్ల చుట్టును

ఆరాధనలో భేదము బల్ల దగ్గర తేలును. కతోలికులది దివ్యబలిపూజ, పీఠముపై కల్వరి బలియే సాన్నిధ్యము పొందుననియు, అప్పద్రాక్షారసములు క్రీస్తు శరీరరక్తములుగా మారుననియు వారి విశ్వాసము. లూథరన్ వారు బలియను మాటను అంగీకరింపరు. అయినను అప్పరసములతోపాటు ప్రభువు నిజముగానే విచ్చేయునని నమ్ముదురు. బ్రదరన్ వారికి అది రొట్టె విరుచుట, జ్ఞాపకార్థమైన విందు. ప్రతి ఆదివారము తప్పక జరుగవలెను, దానికి అభిషిక్తుడైన గురువుతో పని లేదు. బాప్తిస్మమునందును ఇట్టి తేడాయే. శిశువు నుదుటిపై నీరు చల్లువారు కొందరు. బుద్ధి తెలిసినవానిని కాలువలో మునుగజేయువారు కొందరు. ఆనకట్టలు గట్టి కాలువలు త్రవ్వినవారు వరికొరకు త్రవ్విరి. అవి ఈ పనికిని వచ్చినవి.

పాటలో మాత్రము సంఘములు ఒక్కటగును. 1803లో జన్మించి 1890లో గతించిన పురుషోత్తమ చౌదరిగారు రాగతాళములు కుదిరిన కీర్తనలను రచించిరి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల సంపుటమును ఆంగ్లికనుడును లూథరనుడును ఒకే విధముగా చేతబట్టుదురు. కతోలికులకు రెండవ వాటికన్ మహాసభ, అనగా 1962-65 నడుమ, ఈ ద్వారము తెరచెను. అంతకు మునుపు పూజ లాటిను భాషలో జరిగెడిది. 1969లో హారతి, నేలపై కూర్చుండుట మున్నగు పండ్రెండు భారతీయ ఆచారములకు రోమునుండి అనుమతి లభించెను. లాటిను వినుచు మౌనముగా జపమాల త్రిప్పుకొనిన ముదుసలి తన మాటలోనే బదులు పలుక మొదలిడెను.

బల్లకు మరియొక పరీక్ష కలదు. దాని చుట్టును ఎవరెవరు కూర్చుందురు? ఒకే పాత్రనుండి త్రాగుటకు ఎవరు సిద్ధముగనున్నారు? ఆంధ్ర క్రైస్తవ చరిత్రలో ఈ ప్రశ్న సిద్ధాంతముకన్న కఠినమైనది. మాలలు హెచ్చుగా ఒక మిషనున, మాదిగలు హెచ్చుగా వేరొక మిషనున చేరుటచేత, కులభేదము సంఘభేదమను ముసుగు వేసికొని నిలిచిన చోట్లు పెక్కులు. సవర్ణులనుండి వచ్చినవారు తమ పంక్తిని తాము విడువని చోట్లును కలవు. ప్రభువు బల్లను అంగీకరించి పొరుగువాని కంచమును తిరస్కరించుట ఏ శాఖ బోధయు కాదు. అయినను అది ఆచరణయై నిలిచెను. పోపు ఫ్రాన్సిస్ 2022 ఆగస్టున హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల ఆంథొనీగారిని కార్డినలుగా చేసినప్పుడు, దళితులలోనుండి ఆ స్థానము పొందిన ప్రథముడని దేశమెల్ల చెప్పుకొనెను. ఆ సంతోషములోనే అంతవరకు జరిగిన ఆలస్యమును దాగియున్నది.

సమాధి కడ

ఇక మూడవ ప్రశ్న. మొదటి ప్రశ్నకు ఏ సమాధానము చెప్పితిమో దానిని బట్టియే మూడవదానికిని సమాధానము తేలును. కతోలికుల పవిత్ర గ్రంథమున 73 పుస్తకములు; ప్రొటెస్టంటుల పరిశుద్ధ గ్రంథమున 66. ఆ ఏడు పుస్తకములలో మక్కబీయుల రెండవ గ్రంథము ఒకటి. యుద్ధమున మడిసిన సైనికుల పాపవిముక్తికై యూదా మక్కబీయుడు బలి అర్పింపజేసిన వృత్తాంతము అందు కలదు. 1546లో ట్రెంట్ మహాసభ ఆ పుస్తకములను ప్రమాణగ్రంథములలోనివని నిర్ణయించెను. లూథర్ తన 1534 బైబిలులో వానిని వేరుగా ఉంచి, చదువుట మంచిదే గాని లేఖనముతో సమానములు కావనెను. ఈ లెక్కభేదమునకును ఉత్తరించు స్థలమను కతోలిక సిద్ధాంతమునకును దగ్గరి సంబంధము కలదు. కృపలో మరణించియు పరిశుద్ధి పూర్తికాని ఆత్మలు అచ్చట శోధింపబడి మోక్షము చేరుననియు, బ్రతికినవారి ప్రార్థనలును పూజలును వానికి తోడ్పడుననియు కతోలికుల నమ్మకము. 1571 నాటి ఆంగ్లికన్ విశ్వాసాంశములలో 22వది ఆ సిద్ధాంతమును లేఖనాధారము లేనిదని త్రోసిపుచ్చెను.

లూథరన్ ఇంటికి కతోలిక ఆడపడుచు కోడలుగా వచ్చుట ఈ సీమలో అరుదు కాదు. ఆమె తల్లి గతించినదనుకొందము. ఆమె తల్లి ఆత్మశాంతికై పూజ చెప్పించవచ్చునా? అత్తవారి అయ్యగారు, తల్లి ప్రభువునందు నిద్రించినది గనుక ఆమెకు ఇక మనవలన కావలసినది ఏమియు లేదందురు. పుట్టింటి ఫాదరుగారు, ప్రేమ మరణముతో తెగిపోదు గనుక ప్రార్థింపుమందురు. మొదటిమాటలో నిశ్చింత కలదు. రెండవమాటలో చేయుటకు ఒక పని కలదు. దుఃఖములోనున్నవారికి రెండును కావలెను. 66 అనియు 73 అనియు పండితులు వేసిన లెక్క ఆ కూతురి గుండెలో తెగవలసి వచ్చుచున్నది.

ఆచారము ఈ చిక్కును తనదైన రీతిలో విప్పుకొన్నది. మృతులకొరకు ప్రార్థింపరాదను సంఘములవారును ఆదరణ కూడిక, జ్ఞాపకార్థ కూడిక జరుపుదురు. ఇరుగుపొరుగు హిందువుల ఇండ్లలో పెద్దకర్మ జరుగు రోజులకు సమీపముననే అదియు జరుగుట కలదు. ప్రార్థన మృతునికొరకు కాదు, మిగిలినవారి ఆదరణకొరకని బోధకుడు వివరించును; భోజనములు మాత్రము ఇరువురి ఇండ్లలోను ఒక్క తీరుననే వడ్డింపబడును. నవంబరు 2న సమాధుల పండుగయు అట్టిదే. పదియవ శతాబ్ది అంతమున క్లూనీ మఠాధిపతి ఓడిలో నెలకొల్పిన కతోలిక దినమది. అయినను తెలుగునాట పెక్కుచోట్ల సంఘభేదము లేక సమాధులకు సున్నము వేసి, బంతిపూలు పరచి, క్రొవ్వొత్తులు వెలిగింతురు.

బ్రదరన్ బోధలో చూపు గతించినవారినుండి రాకడవైపునకు మరలును. జాన్ నెల్సన్ డార్బీ ప్రచారము చేసిన క్రమములో ప్రభువు మేఘములపై వచ్చునపుడు విశ్వాసులు ఎత్తబడుదురు. ఎత్తబడుట అను ఆ మాట నేడు ఆ శాఖను దాటి అనేక కూడికలలో వినబడుచున్నది.

ఇన్ని భేదములలోను అందరును ఏకకంఠముగా పలుకు మాట ఒకటి కలదు: శరీర పునరుత్థానము. జీర్ణవస్త్రమువలె దేహమును విడుచుట మన దేశపు ప్రాచీనభావన. ఈ బోధలో ఆ దేహమే మహిమతో లేపబడును. ఏ దేహమును తాకుటయే మైలయని లోకము చెప్పెనో, ఏ దేహము ఒకరి పొలములో నాట్లు వేసి నడుము వంగెనో, ఆ దేహమును దేవుడు మరువడను మాట ఈ వాడలలో ఎంత బలముగా నాటుకొనెనో ఊహింపవచ్చును. భూస్థాపనపై ఇచ్చటివారికి గల పట్టుదలకు ఇది ఒక కారణము. బుడమేరు, తమ్మిలేరు నీరు వచ్చి చేరు కొల్లేటి సీమ పల్లపు భూమి. మెరకజాగా తక్కువ. దానికొరకు చెరువులు, ఇండ్లు, రోడ్లు పోటీపడును. అట్టిచోట ఆరడుగుల నేల దొరకుట చిన్న విషయము కాదు. ఆ నేలలోను ఒక కులమునకు ఒక వరుస, మరియొక కులమునకు వేరొక వరుస ఉండిన యెడల, పునరుత్థానమును నమ్ముచున్నామను మాటకు అర్థము మిగులదు.

1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులముల హోదాను హిందువులకు పరిమితము చేసి, 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరింపబడెను, క్రైస్తవులకు విస్తరింపబడలేదు. అందుచేత ఒకే మనిషికి కచేరీ కాగితమున ఒక పేరు, సంఘపు పుస్తకమున ఒక పేరు ఉండుట కలదు. జీవితమంతయు రెండు పేర్లతో నడచినవానికి సమాధిరాతిపై ఒక్క పేరే చెక్కుదురు. ఏ పేరు చెక్కవలెనో కుటుంబము నిర్ణయించు ఆ దినమున గ్రంథమును, బల్లయు, సమాధియు మూడును ఒకే ప్రశ్నయై నిలుచును. ఈ మనిషి ఎవరివాడు అనునదియే ఆ ప్రశ్న. నాలుగు సంప్రదాయముల పెద్దలును దీనికి దేవునివాడని బదులు చెప్పుదురు. ఆ బదులును తమ పంక్తిలోను, తమ సమాధుల దొడ్డిలోను చూపవలసిన బాధ్యత వారిదే.