జప్తుకొచ్చినా తాళిబొట్టు ముట్టకూడదు!

బాకీ తీర్చలేదని కోర్టు అమీను ఇంటికొచ్చాడనుకోండి. టీవీ, ఫ్రిజ్, బీరువా జాబితాలో రాసుకోవచ్చు. మెడలో మంగళసూత్రం, ఒంటిమీది బట్టలు, వంటపాత్రలు, పక్కబట్టలు మాత్రం ముట్టుకోకూడదు. వడ్రంగి పనిముట్లు, రైతు నాగలి, బతుకుతెరువుకు కావలసిన ఎడ్లు, విత్తనపు గింజలూ అంతే. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్‌లో ఇదంతా ఉంది. తెల్లదొరల చట్టమే గానీ, రాసినవాడికి మన ఇంటి సంగతులు బాగానే తెలుసు!

బాకీల సంగతి అటుంచి, సర్కారే ఆస్తి తీసుకోవడానికి వస్తే? మన దేశంలో ఆస్తి ఒకప్పుడు ప్రాథమిక హక్కు. జమీందారీల రద్దు మీద, 1969లో 14 బ్యాంకుల జాతీయకరణ మీద కోర్టుకెక్కినవాళ్లకు అదే ఆయుధం. 44వ రాజ్యాంగ సవరణతో 1979 జూన్ 20 నుంచి అది ప్రాథమిక హక్కుల జాబితాలోంచి జారిపోయింది. ఇప్పుడున్నది 300-ఎ అధికరణం. చట్టం చూపించకుండా ఎవరి ఆస్తీ తీసుకోకూడదని దాని సారం.

బంగారం జప్తు అంటే అమెరికాను చెప్పుకోవాలి. 1933 ఏప్రిల్ 5న అధ్యక్షుడు రూజ్వెల్ట్ ఒక ఉత్తర్వు ఇచ్చాడు. మే 1లోగా జనం తమ బంగారు నాణేలు, కడ్డీలు బ్యాంకుల్లో అప్పగించాలి. మనిషికి 100 డాలర్ల విలువైన నాణేలు మాత్రం ఉంచుకోవచ్చు. మాట వినకపోతే 10,000 డాలర్ల జరిమానా, పదేళ్ల దాకా జైలు. ఔన్సుకు 20.67 డాలర్ల చొప్పున డబ్బు చెల్లించిన మాట నిజమే. తీరా అందరూ ఇచ్చేశాక, 1934లో ధరను 35 డాలర్లకు పెంచేశారు! దీన్ని కొనుగోలు అంటారా, జప్తు అంటారా? నా ఓటు రెండోదానికే. అక్కడి జనానికి మళ్లీ స్వేచ్ఛగా బంగారం దాచుకునే వీలు 1974 చివర్లో గానీ రాలేదు. మనమూ తక్కువ తినలేదు. 1968 నాటి బంగారం నియంత్రణ చట్టం కింద మామూలు మనిషి ఇంట్లో బంగారు కడ్డీ ఉంటే నేరమే. ఆ చట్టాన్ని 1990లో ఎత్తేశారు.

అమెరికాలోనే ఇంకో వింత. అక్కడ మనిషిని వదిలేసి, వస్తువు మీదే జప్తు కేసు పెట్టొచ్చు. ‘అమెరికా ప్రభుత్వం వర్సెస్ సుమారు 64,695 పౌండ్ల సొరచేప రెక్కలు’ అనే కేసు నిజంగానే నడిచింది. 2008లో అప్పీలు కోర్టులో రెక్కలే గెలిచాయి.

ఒక్కోసారి బండి తిరగబడుతుంది. రైల్వే లైనుకు భూమి ఇచ్చిన రైతుకు పెంచిన పరిహారం అందలేదని 2017లో లూథియానా కోర్టు ఏకంగా స్వర్ణ శతాబ్ది ఎక్స్‌ప్రెస్‌నే జప్తు చేయమంది. రైతు రైలును ఇంటికి తోలుకెళ్లలేదు లెండి!

జప్తు వేరు, భూసేకరణ వేరు. భూసేకరణలో మీ తప్పేమీ ఉండదు, డబ్బు ఇచ్చి తీరాలి. 2013 చట్టం ప్రకారం పల్లెల్లో పరిహారం మార్కెట్ విలువకు నాలుగు రెట్ల దాకా రావొచ్చు. మీ సర్వే నంబరు ప్రాథమిక నోటిఫికేషన్‌లో కనబడితే, 60 రోజుల్లోగా కలెక్టరుకు అభ్యంతరం రాతపూర్వకంగా ఇవ్వండి, రసీదు తీసుకోండి.