విశ్వాసపాత్రునికి ద్రాక్ష పెట్టవచ్చునా?

ఇంటి యజమాని రాత్రి విధులకు వెళ్ళినప్పుడు, లోపల నిద్రించే వారికి కొండంత ధైర్యాన్నిచ్చేది వాకిట పడుకొన్న కుక్క. బిలాస్‌పూర్ నెహ్రూ నగర్‌లో మన తెలుగు కుటుంబాలు ఈ మూగజీవిని ఇంటి మనిషిగానే చూసుకొంటాయి. మనం తినే ప్రతి పదార్థంలోనూ దానికొక ముద్ద తీసి ఉంచడం మన అలవాటు. అయితే ఆ వాత్సల్యమే ఒక్కొక్కప్పుడు దాని ప్రాణం మీదికి తెచ్చే ప్రమాదమున్నది. శీతాకాలం చివర బజారులోకి ద్రాక్ష వచ్చినప్పుడు, పిల్లలు తాము నాలుగు పండ్లు తిని, కుక్కకు రెండు విసరడం మనం చూస్తూనే ఉంటాము. అది తగునా అని అడిగితే, ఎంతమాత్రమూ తగదన్నదే సమాధానం.

ద్రాక్షనో ఎండుద్రాక్షనో తిన్న 10 కుక్కలకు మూత్రపిండాలు దెబ్బతిన్న సంగతిని అమెరికాలోని జంతు విష నియంత్రణ కేంద్రం వైద్యులు 2001లో వెల్లడించారు. పండులోని ఏ పదార్థం ఇంత హాని చేస్తున్నదో ఆ తరువాత 20 ఏళ్ళ వరకూ అంతుపట్టలేదు. బూజు కావచ్చునని, పురుగుమందు కావచ్చునని పలు విధాల ఊహించారు. చివరకు పిల్లలు ఆడుకొనేందుకు ఇంట్లో కలిపిన పిండిముద్దను తిన్న ఒక కుక్క వలన దారి దొరికింది. ఆ పిండిలో కలిపిన టార్టార్ లవణం, ద్రాక్షలో సహజంగా ఉండే టార్టారిక్ ఆమ్లం ఒకే కోవకు చెందినవి. కుక్కలో కనిపించిన లక్షణాలు కూడా ద్రాక్ష తిన్నప్పటి లక్షణాలే. ఈ ఆమ్లమే అసలు కారకమై ఉండవచ్చునని వైద్యులు 2021లో ప్రకటించారు. మనుషులకు హాని చేయని ఈ పదార్థాన్ని కుక్క మూత్రపిండాలు తట్టుకోలేవు.

మన వంటింటి మాట

తెలుగువారు ప్రత్యేకంగా గమనింపవలసిన విషయం మరొకటి కలదు. చింతపండులో టార్టారిక్ ఆమ్లం ద్రాక్షలో కంటె ఎన్నో రెట్లు అధికం. చింతపండు తిన్న కుక్కలకు సైతం మూత్రపిండాలు దెబ్బతిన్న సంఘటనలను వైద్యులు 2022లో ప్రచురించారు. ఊరు విడిచి ఎంత దూరం వచ్చినా మనం చారును, పులుసును, పులిహోరను విడువలేదు. పైగా చింతపండుకు పేరు పొందిన బస్తరు మన రాష్ట్రంలోనే ఉన్నది. ఒక ముద్ద చారన్నం తిన్నదని కంగారు పడనక్కరలేదు గాని, ఎంతవరకు తింటే ప్రమాదం లేదో నిర్ణయించే కొలత లేనందున పులుపు కలిపిన అన్నం పెట్టకపోవడమే మేలు. వ్రతాలనాటి ప్రసాదంలోను, పాయసంలోను వేసే కిస్‌మిస్‌తో మరింత జాగ్రత్త అవసరం. ఎండినకొద్దీ పండులోని సారం చిక్కబడుతుంది కనుక కొద్దిపాటి కిస్‌మిస్ కూడా హాని చేయగలదు.

పొరపాటున తింటే

సాధారణంగా ఒక రోజులోపల వాంతులు మొదలవుతాయి. ఆపైన కుక్క నీరసించి, ఆహారం ముట్టదు. రెండు మూడు రోజులలో మూత్రం తగ్గిపోయిందంటే పరిస్థితి విషమించినట్లే. కాబట్టి లక్షణాలు కనిపించేదాకా వేచి ఉండక, తిన్నదని తెలిసిన వెంటనే పశువైద్యుని వద్దకు తీసుకొని వెళ్ళాలి. ఎంత తిన్నది, ఎప్పుడు తిన్నది చెప్పగలిగితే చికిత్స సులభమవుతుంది. తొలి గంటలలో వైద్యుడు వాంతి చేయించి, సెలైన్ ఎక్కిస్తే ప్రాణం దక్కే అవకాశం ఎక్కువ. ఇంటివద్ద ఉప్పునీరు త్రాగించి వాంతి చేయించే ప్రయత్నం మాత్రం చేయరాదు. ఉప్పే విషమై మరొక ప్రమాదాన్ని తెచ్చిపెడుతుంది.

అలాగని పండ్లన్నీ నిషిద్ధమని కాదు. అరటిపండు ముక్క, గింజలు తీసిన ఆపిల్, టెంక తీసిన మామిడి కొద్దికొద్దిగా పెట్టవచ్చును. మామిడి టెంకను మ్రింగితే ప్రేగులకు అడ్డుపడుతుంది కనుక దానిని అందకుండా పారవేయాలి.

తన కేది హితమో, ఏది అహితమో కుక్కకు తెలియదు. మన చేతినుండి ఏది జారితే దానినే అమృతంగా స్వీకరిస్తుంది. ఆ నమ్మకానికి తగిన జాగ్రత్త మన వంతు. ఈ నాలుగు మాటలనూ ఇంట్లోని పిల్లలకు నేడే చదివి వినిపించవలసినదిగా మా మనవి.