ఈత పందెంలో వినిపించే మాటలు

తిరుత్తణి, పళ్లిపట్టు, తిరువళ్లూరు ప్రాంతాల్లో పెద్దవాళ్లు చాలామంది ఈత నేర్చుకున్నది కయ్యల దగ్గరి సేద్యపు బావుల్లోనే. వీపుకు ఎండు సొరకాయ బుర్ర కట్టి, గట్టు మీద ఒకరు తాడు పట్టుకుంటే కొద్ది రోజుల్లో ఈత వచ్చేసేది. ఇప్పుడు పిల్లలు శిక్షణ కొలనులకు పోతున్నారు, అక్కడి నుంచి పందేలకూ పోతున్నారు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, పోటీ దగ్గర మైకులో ఇంగ్లీషు కలిసిన తమిళం. బిడ్డ ఏడుస్తూ వచ్చి "హీట్‌లో డీక్యూ చేసేశారు" అంటే ఏమి అడగాలో అమ్మకూ తోచదు, అవ్వకూ తోచదు. ఆ మాటలు కొన్ని ఈ రోజు చెప్పుకుందాం.

ముందు కొలను సంగతి. పెద్ద పోటీల కొలను పొడవు 50 మీటర్లు. చెన్నై వేళచ్చేరిలో 1995 దక్షిణాసియా క్రీడల కోసం కట్టినది అలాంటిదే. 100 మీటర్ల పందెమంటే అక్కడ ఒకసారి పోయి తిరిగి రావడం. 25 మీటర్ల కొలనులూ ఉన్నాయి, వాటిని షార్ట్ కోర్స్ అంటారు. అక్కడ గోడను తన్ని మళ్లే అవకాశాలు ఎక్కువ కాబట్టి టైము కొంచెం తగ్గుతుంది. ఈ రెండు టైములనూ పక్కపక్కన పెట్టి బిడ్డను మెచ్చుకోవడమూ తప్పే, కోప్పడటమూ తప్పే.

తాళ్లతో విడదీసిన నీటిబాట లేన్. పేర్లు ఎక్కువైతే గుంపులుగా ఈదిస్తారు, ఒక్కో గుంపు ఒక హీట్. ఇదివరకు మంచి టైము ఉన్నవాళ్లకు నడిమి లేన్లు, ఎనిమిది లేన్ల కొలనులో నాలుగు, ఐదు ఇస్తారు. కొత్తవాళ్లకు పాత టైము ఉండదు గనుక అంచు లేన్లు దొరుకుతాయి. అందులో పక్షపాతమేమీ లేదు. హీట్‌లో మొదట వచ్చినంత మాత్రాన ఫైనల్ ఖాయమూ కాదు. అన్ని హీట్ల టైములూ కలిపి చూసి మేలైన ఎనిమిదిమందిని తీస్తారు.

ఈతలు నాలుగు. ఫ్రీస్టైల్‌లో ఏ తీరునైనా ఈదవచ్చు గానీ, వేగం కోసం అందరూ బారలు వేసే ఈతే ఈదుతారు. బ్యాక్‌స్ట్రోక్ వెల్లకిల ఈత. గోడకు 5 మీటర్ల ఇవతల పైన కట్టిన జెండాల తోరణం అలంకారం కాదు, గోడ దగ్గరపడిందని వెల్లకిల ఈదే బిడ్డకు గుర్తు. బ్రెస్ట్‌స్ట్రోక్ మన కప్ప ఈతకు దగ్గర. బటర్‌ఫ్లైలో రెండు చేతులూ ఒకేసారి నీటి పైనుంచి ముందుకు రావాలి.

పొడుగు ఈల వినగానే ఈతగాళ్లు దిమ్మె ఎక్కుతారు. వెల్లకిల ఈతవాళ్లయితే నీళ్లలోకి దిగుతారు. "టేక్ యువర్ మార్క్స్" అనగానే వంగి కదలకుండా నిలవాలి, శబ్దం వచ్చాకే దూకాలి. తల ముందుగా పోయే ఈ దూకుడును లోతు తెలియని బావిలోనో, చెరువులోనో సాధన చేయనివ్వకండి. మెడ విరిగే ప్రమాదం ఉంది.

ఇక డీక్యూ. డిస్‌క్వాలిఫికేషన్‌కు పొట్టి మాట. ఆ పందెంలో టైము లెక్కకు రాదని అర్థం, అంతే. బిడ్డ మోసం చేసిందని కాదు. శబ్దానికి ముందే దూకినా డీక్యూనే. బ్రెస్ట్‌స్ట్రోక్, బటర్‌ఫ్లైలలో గోడను రెండు చేతులతో ఒక్కసారే తాకాలి. ఒక చేయి ముందు తగిలితే అందరికన్నా ముందు వచ్చినా ప్రయోజనం ఉండదు. బావిలో బాగా ఈదే పిల్లలకు ఇది మరీ చిక్కు, బావి గోడను ఎన్ని చేతులతో తాకావని ఎవరు అడిగారు? ఇంటికొచ్చాక "పరువు తీశావు" అనకండి. "ఏ నియమం తప్పింది?" అని అడగండి. బిడ్డకు తెలియకపోతే కోచ్‌ను అడగండి, ఆయన చెబుతారు. మళ్లీ పందేనికి దిద్దుకోదగిన తప్పది.

చివరగా టైము. కాగితంలో 1:12.45 అని ఉంటే ఒక నిమిషం 12 సెకన్లు, ఆ పైన సెకనులో నూరింట 45 వంతులు. కేరళకు చెందిన సాజన్ ప్రకాశ్ 2021 జూన్‌లో రోమ్‌లో 200 మీటర్ల బటర్‌ఫ్లైని 1:56.38లో ఈది ఒలింపిక్స్‌కు నేరుగా అర్హత పొందాడు. మన దేశంలో అలా అర్హత సాధించిన మొదటి ఈతగాడు ఆయనే. కావలసిన టైము 1:56.48. తేడా సెకనులో పదో వంతు! పందెంలో సగం దూరానికి పట్టిన టైమును విడిగా చెబితే దాన్ని స్ప్లిట్ అంటారు. బిడ్డ ఇంతవరకు ఈదిన వాటిలో అన్నిటికన్నా తక్కువ టైము పర్సనల్ బెస్ట్. పోయినసారి 48.20లో ఈదిన పిల్ల ఈసారి 46.90లో ఈది ఆరో స్థానంలో వచ్చిందనుకోండి, పతకం రాకపోయినా ఆ రోజు ఇంట్లో పాయసం వండవచ్చు. ఒక నోటుపుస్తకం కొని తేదీ, ఈత పేరు, కొలను పొడవు, టైము రాసిపెట్టే పనిని తాతకు అప్పజెప్పండి.