గాజుతొట్టెలో సముద్రం

తేటగా మెరిసే నీళ్లు, అడుగున తెల్లని ఇసుక, దానిపై రాళ్లు. కొత్త గాజుతొట్టె చూడముచ్చటగా ఉంది. అందులో తెల్లచారలున్న నారింజరంగు చేపను వదిలారనుకోండి. నాలుగు రోజుల్లో అది చచ్చి తేలింది. నీటిలో మురికి లేదు, దుర్వాసన లేదు. మరి చేపను చంపిందేమిటి? కంటికి కనిపించని అమోనియా!

పగడాలు, వాటి మధ్య తిరిగే చేపలు పుట్టిపెరిగే సముద్రం అపారమైనది. అక్కడ నీటి గుణాలు చాలా నెమ్మదిగా మారతాయి. వంద లీటర్ల తొట్టెలోనైతే మిగిలిపోయిన మేత కుళ్లినా చాలు, అంతా తారుమారవుతుంది. అందుకే ఇక్కడ కళ్లను నమ్మరాదు, పరీక్షనాళికను నమ్మాలి.

ఉప్పు లెక్క

కిలో సముద్రపు నీటిలో దాదాపు 35 గ్రాముల లవణాలుంటాయి. వంటింటి ఉప్పు కలిపితే సరిపోతుందా? సరిపోదు. సముద్రపు నీటిలో మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం లవణాలు కూడా ఉంటాయి. ఇవన్నీ తగు పాళ్లలో ఉన్న మిశ్రమాన్ని శుద్ధజలంలో కరిగిస్తారు. 25 డిగ్రీల సెల్సియస్ వద్ద హైడ్రోమీటరు 1.026 దగ్గర చూపాలి.

ఇప్పుడొక లెక్క చేయండి. లీటరుకు 35 గ్రాముల చొప్పున 100 లీటర్లలో 3,500 గ్రాముల లవణాలున్నాయి. 5 లీటర్లు ఆవిరైతే ఏమవుతుంది? నీరే పోతుంది, ఉప్పు పోదు. మిగిలిన 95 లీటర్లలో లీటరుకు 36.8 గ్రాములు ఉంటాయి! ఆ లోటును ఉప్పునీటితో పూడిస్తే ఉప్పు పెరుగుతూనే పోతుంది. శుద్ధజలంతోనే పూడ్చాలి.

కనిపించని పనివాళ్లు

చేపలు మొప్పల ద్వారా అమోనియాను విసర్జిస్తాయి. కుళ్లిన మేత నుంచి కూడా అది పుడుతుంది. రాళ్లమీద, ఇసుకలో నివసించే కొన్ని సూక్ష్మజీవులు దానిని నైట్రైట్‌గా మారుస్తాయి. మరికొన్ని ఆ నైట్రైట్‌ను అంత హానిచేయని నైట్రేట్‌గా మారుస్తాయి. కొత్త తొట్టెలో ఈ పనివాళ్లు తగినంతగా పెరగటానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. పైన చెప్పిన చేప ఆలోగానే నీటిలో చేరింది.

పరీక్ష కష్టమేమీ కాదు. పరీక్షనాళికలో 5 మిల్లీలీటర్ల నీరు తీసుకొని, రసాయనాలను చుక్కలుగా కలిపి, కొన్ని నిమిషాలు ఆగి, రంగును అచ్చుపట్టీతో పోల్చాలి. వాడుకలో ఉన్న ఒక పరీక్షలో పసుపురంగు నిలిస్తే అమోనియా లేనట్టు, ఆకుపచ్చగా మారితే ఉన్నట్టు. రోజూ కొలిచి గ్రాఫు గీస్తే ముందు అమోనియా, తర్వాత నైట్రైట్ పెరిగి తగ్గటం కనిపిస్తుంది. రెండూ సున్నాకు దిగాకే మొదటి చేపను వదలాలి.

మిగిలిన నైట్రేట్ మాటేమిటి? లీటరుకు 40 మిల్లీగ్రాములుంటే, 100 లీటర్లలో 20 లీటర్లు తీసి కొత్త ఉప్పునీరు పోస్తే 32కు దిగుతుంది.

పగడం ఇల్లు కట్టే సరుకు

గట్టి పగడాలు నీటిలోని కాల్షియంతో, కార్బొనేట్‌తో అస్థిపంజరం కట్టుకుంటాయి. సున్నపురాయిలోనూ ఉన్నది ఆ పదార్థమే. కార్బొనేట్ నిల్వను తెలిపేది క్షారత. నీటిలో ఆమ్లాన్ని చుక్కచుక్కగా కలుపుతూ, సూచిక నీలం నుంచి పసుపుకు తిరిగేదాకా చుక్కలు లెక్కిస్తారు. దీన్ని కొలిచే జర్మన్ డిగ్రీలలో 8 నుంచి 9 వరకు ఉంటే మేలు. కాల్షియం లీటరుకు 420 మిల్లీగ్రాముల దగ్గర ఉండాలి.

వీటిలో ముందు తరిగిపోయేది ఏది? పగడాలు 20 మిల్లీగ్రాముల కాల్షియం తీసుకుంటే, క్షారత 2.8 డిగ్రీలు తగ్గుతుంది. అంటే కాల్షియం 420 నుంచి 400కు దిగేలోగా క్షారత 8 నుంచి 5.2కు పడిపోతుంది! అందుకే క్షారతను తరచుగా పరీక్షించాలి. తగ్గిందని ఒక్కసారే గుమ్మరించరాదు. కొద్దికొద్దిగా కలిపి మళ్లీ కొలవాలి.

తొట్టె దాటి

తొట్టెలో వేడి పెరిగితే ఫ్యాన్ పెట్టి 26 డిగ్రీలకు దించవచ్చు. సముద్రానికి ఆ సదుపాయం లేదు. 1998లో సముద్రజలాలు వేడెక్కినప్పుడు లక్షద్వీపాలలో, మన్నార్ సింధుశాఖలో పగడాలు తెల్లబారి ఎన్నో చనిపోయాయి. మన దేశంలో గట్టి పగడాలను 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో చేర్చారు. వాటిని సముద్రం నుంచి విరిచి తేవటం నేరం. పగడాలు ఎంత ఇరుకైన హద్దుల మధ్య బతుకుతాయో పై అంకెలు చూస్తే మీకే తెలుస్తుంది.