మీగడకి పెరుగన్నం పెట్టాం

మీగడ అంటే పాలమీద కట్టేది కాదు. మా హాస్టల్ గదిలో ఎనిమిది నెలలు మాతో కాపురం చేసిన తెల్లపిల్లి.

పోయిన ఆగస్టులో, జోరువానలో, మెస్ వెనక గోడవార దొరికింది. అప్పటికి గుప్పెడంత పిల్ల. వెనక కాలు విరిగింది. కట్టు కట్టించాం, కాలు అతుక్కుంది, కుంటు మాత్రం మిగిలింది. బయట వదిలితే కుక్కలు బతకనివ్వవని గదిలోనే ఉంచేశాం. వార్డెన్‌గారు రౌండ్స్‌కి వచ్చినప్పుడు బట్టల బుట్టలోకి, మిగతా టైమంతా మా మంచాలమీద.

మా గదిలో ముగ్గురం, ముగ్గురమూ శాకాహారులమే. కాబట్టి మీగడా శాకాహారే అయింది. పొద్దున పాలు, మధ్యాహ్నం పెరుగన్నం, రాత్రి పప్పన్నంలో కాస్త నెయ్యి. గిన్నె నాకి నాకి మెరిపించేది. "ఏం పెట్టినా తింటుంది, ఎంత బుద్ధిమంతురాలో" అని మురిసిపోయేవాళ్ళం.

మార్చిలో తేడా మొదలైంది. టేబుల్ మీంచి మంచం మీదకి దూకబోయి మధ్యలో పడింది. మేం నవ్వాం. కళ్ళల్లో నల్లగుడ్లు పట్టపగలు కూడా ఇంతింత పెద్దవిగా ఉండేవి. ముద్దొచ్చి ఫోటో తీసి స్టేటస్ పెట్టాం. ఓ రోజు బకెట్ జరిపి వేరేచోట పెడితే, దానికి నేరుగా వెళ్ళి గుద్దుకుంది. అప్పుడు ఎవరికీ నవ్వు రాలేదు. ఫోన్ టార్చి వేసి చూస్తే కంటిపాప సరిగా ముడుచుకోవడం లేదు.

అట్టపెట్టెలో పెట్టుకుని ఆటోలో ఊళ్ళోని పశువైద్యురాలి దగ్గరికి తీసుకెళ్ళాం. ఆవిడ కళ్ళు చూసి, గుండె విని, ఒక్కటే ప్రశ్న అడిగారు. "దీనికి ఏం పెడుతున్నారు?"

చెప్పాం. కాస్త గర్వంగానే చెప్పాం.

ఆవిడ ఓ నిమిషం ఏమీ అనలేదు. తర్వాత మెల్లగా, "బాగానే చూసుకున్నారు నాన్నా. కానీ ఇది పిల్లి కదా" అన్నారు.

మరి టామీ ఎలా బతికింది?

నాకు వెంటనే వచ్చిన డౌటు అదే. మా తాతయ్యగారింట్లో టామీ అని ఓ కుక్క ఉండేది. పెరుగన్నం, చారన్నం తిని పన్నెండేళ్ళు బతికింది. దానికి పడింది దీనికెందుకు పడలేదు? ఆ రాత్రి నుంచీ, ఇంటర్నల్స్ పక్కన పెట్టి మరీ, ఇదే చదివాను.

కుక్క వేల ఏళ్ళుగా మన ఎంగిలి తింటూ మారింది. పిండి పదార్థాన్ని జీర్ణం చేసే అమైలేజ్ ఎంజైమ్ జన్యువు తోడేలులో 2 ప్రతులే ఉంటే, కుక్కల్లో 4 నుంచి 30 దాకా ఉన్నాయని 2013లో 'నేచర్' పత్రికలో వచ్చింది. అంటే అన్నం అరిగించుకునే సామాను కుక్క సంపాదించుకుంది. పైగా టామీ ఊరంతా తిరిగేది. ఎవరి పెరట్లో ఏం తిని వచ్చేదో మాకేం తెలుసు? పెరుగన్నం ఒక్కటే కుక్కకైనా చాలదు. టామీని బతికించింది మన గిన్నె ఒక్కటే కాదన్నమాట.

పిల్లి కథ వేరు. అది మన దగ్గరికి ఎలకల కోసం వచ్చింది. దాని శరీరం ఇప్పటికీ వేటజంతువుదే. మాంసంలో రెడీమేడ్‌గా దొరికే వాటిని సొంతంగా తయారుచేసుకునే పనిని అది దాదాపు మానేసింది. ఉదాహరణకి క్యారెట్‌లోని బీటా కెరోటిన్ నుంచి మనమూ, కుక్కలూ విటమిన్ ఎ చేసుకుంటాం. పిల్లి చేసుకోలేదు. గుడ్డు పచ్చసొన, కార్జం లాంటి వాటిలోంచే నేరుగా అందాలి. అరాకిడోనిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లమూ అంతే.

ప్రోటీన్ సంగతి మన భాషలో చెప్తాను. ప్రోటీన్ తక్కువ తింటే మన కాలేయం దాన్ని ఖర్చుపెట్టే ఎంజైముల్ని తగ్గించుకుంటుంది, థ్రాటిల్ తగ్గించినట్టు. పిల్లి ఇంజన్‌కి ఆ థ్రాటిల్ పెద్దగా పనిచేయదు. తిన్నా తినకపోయినా ప్రోటీన్‌ని కాలుస్తూనే ఉంటుంది. బయటి నుంచి రాకపోతే సొంత కండలోంచి తీస్తుంది.

టారిన్ అనే చిన్న అణువు

మీగడ కళ్ళ వెనక ఉన్న అసలు అనుమానితుడు టారిన్. 1827లో ఎద్దు పిత్తరసంలో దొరికింది, అందుకే లాటిన్‌లో ఎద్దు పేరే దానికి పెట్టారు. కంటి రెటీనాకి, గుండె కండరానికి ఇది చాలా అవసరం. కుక్కలు చాలావరకు సొంతంగా తయారుచేసుకుంటాయి. పిల్లి తయారుచేసుకునేది చాలా తక్కువ. ఖర్చు మాత్రం రోజూ ఉంటుంది, ఎందుకంటే దాని పిత్త ఆమ్లాలు టారిన్‌తోనే జతకడతాయి. బియ్యంలో, పప్పులో టారిన్ దాదాపు లేదు. పాలల్లో ఉన్నది ఏ మూలకీ చాలదు.

టారిన్ లేని పిల్లుల రెటీనా పాడవుతుందని 1975లోనే తేలింది. 1987లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ క్యాంపస్‌లో పాల్ పియన్, ఆయన సహచరులు ఇంకో సంగతి 'సైన్స్' పత్రికలో రాశారు. గుండె ఉబ్బి బలహీనపడే జబ్బుతో ఉన్న పిల్లులకి టారిన్ తక్కువగా ఉందనీ, అది ఇస్తే గుండె కోలుకుంటోందనీ. ఆ పిల్లులు తిన్నది పెరుగన్నం కాదు, కంపెనీల తిండే! ఆ తర్వాతే కంపెనీలు టారిన్ పెంచాయి.

గుండె కోలుకోవచ్చు. రెటీనాలో చచ్చిపోయిన కణాలు మాత్రం తిరిగి రావు.

కడుపు నిండితే చాలదు

మేం ఎందుకు పసిగట్టలేకపోయామో తర్వాత అర్థమైంది. ఈ లెక్క చూడండి. విశ్రాంతిగా ఉన్న జంతువుకి రోజుకి కావలసిన కేలరీలు = 70 × (కిలోల్లో బరువు)^0.75. కాలిక్యులేటర్‌లో బరువుని ఘనం చేసి, రెండుసార్లు వర్గమూలం తీసి, 70తో గుణిస్తే సరి. 3 కిలోల మీగడకి సుమారు 160. 20 కిలోల కుక్కకి సుమారు 660. మామూలుగా తిరిగే జంతువుకి దీనికి కాస్త కలుపుకోవాలి.

పాలు, నెయ్యి, అన్నంతో మీగడకి ఆ కేలరీలు అందాయి. అందుకే బొద్దుగానే ఉంది. లోపం కంటికి కనపడలేదు, దాని కళ్ళల్లోనే దాక్కుంది.

పెంపుడు జంతువుల తిండికి అమెరికాలో వాడే ప్రమాణాల ప్రకారం, నీరు తీసేశాక పెద్ద పిల్లి తిండిలో కనీసం 26 శాతం, పెద్ద కుక్క తిండిలో 18 శాతం ప్రోటీన్ ఉండాలి. పిల్లలకి ఇంకా ఎక్కువ. ఉత్త అన్నంలో నీరు తీసేస్తే 9 శాతం దగ్గర ఉంటుంది.

ప్యాకెట్ కొనేటప్పుడు కూడా ఇదే లెక్క. తడి తిండి పౌచ్ మీద ప్రోటీన్ 10 శాతం, తేమ 80 శాతం అని ఉంటే, పొడి లెక్కన అది 50 శాతం. ప్రోటీన్ 30 శాతం, తేమ 10 శాతం ఉన్న గింజల తిండి 33 శాతం. అంకె చూసి మోసపోవద్దు. సంపూర్ణ, సమతుల ఆహారమని రాసి ఉందా, అది పిల్లికా కుక్కకా, ఏ వయసుకి అన్నవి ముందు చూడండి. కుక్క తిండిని పిల్లికి రోజూ పెట్టకూడదు.

ఇంట్లో వండి పెట్టేవాళ్ళకి కొన్ని మాటలు. ఉత్త బోన్‌లెస్ చికెన్ కూడా చాలదు. అందులో ఫాస్ఫరస్ కాల్షియం కంటే పదిరెట్ల పైనే ఉంటుంది, దాంతో పిల్లల ఎముకలు దెబ్బతింటాయి. అలాగని వండిన ఎముకలు వేయకండి, చీలి గొంతులోనో పేగులోనో గుచ్చుకుంటాయి. ఉడికిస్తే టారిన్ నీళ్ళలోకి దిగుతుంది కాబట్టి ఆ నీళ్ళు పారబోయకండి. కార్జం రోజూ వద్దు, విటమిన్ ఎ మితిమీరుతుంది. ఉల్లి, వెల్లుల్లి రెండింటికీ విషమే, ఎర్ర రక్తకణాల్ని పగలగొడతాయి. సాంబారన్నం, కూర కలిపిన ముద్ద పెట్టేవాళ్ళు గుర్తుంచుకోండి. చాక్లెట్, ద్రాక్ష, కిస్‌మిస్ కుక్కకి ప్రమాదం. పెద్ద పిల్లుల్లో చాలావాటికి పాలు పడవు. జ్వరమనుకుని పిల్లికి పారాసెటమాల్ ఇస్తే ప్రాణమే పోతుంది.

చికెన్ సెంటర్ ముందు

డాక్టరమ్మ టారిన్ పొడి, పిల్లుల గింజల తిండి రాసిచ్చారు. గుండె అదృష్టవశాత్తూ బాగానే ఉందన్నారు. చూపు మాత్రం పోయినంత పోయింది. అప్పుడప్పుడు కోడి గుండెకాయలు ఉడికించి కొంచెం పెట్టమన్నారు, వాటిలో టారిన్ బాగా ఉంటుందట.

ఇరవయ్యేళ్ళలో మొదటిసారి చికెన్ సెంటర్ ముందు నిలబడ్డాను. ఎటు చూడాలో తెలీలేదు. "ఎంత కావాలి తమ్ముడూ?" అంటే, "పిల్లికి" అన్నాను. అతను నవ్వి, గుండెకాయలు ఓ గుప్పెడు కవర్లో వేసి డబ్బులొద్దన్నాడు. నేను ఇప్పటికీ మాంసం తినను. నా నియమం నాది. దాన్ని మీగడ గిన్నెలో వేసే హక్కు మాత్రం నాకు లేదని ఆ కవర్ పట్టుకుని నడుస్తుంటే తెలిసింది.

సెలవులకి మీగడని ఇంటికి తెచ్చేశాను. ఆ గుండెకాయల మాట చెప్తే మా నానమ్మ రెండ్రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు పెరట్లో మూడు రాళ్ళు పెట్టి పొయ్యి చేసింది. "వంటింట్లోకి మాత్రం తేకు" అంది. ఇప్పుడు మా ఇంట్లో ఎవరూ కుర్చీలు జరపరు, దానికి దారి తెలియాలని. నేను కాలేజీ నుంచి ఫోన్ చేస్తే నానమ్మ నా తిండి సంగతి తర్వాత అడుగుతుంది. ముందు, "దాని గింజలు అయిపోవస్తున్నాయిరా, ఆర్డర్ పెట్టావా?" అంటుంది.